డేగ చూపిన దిక్కు

అతన్ని అందరూ డేగ అనేవాళ్ళు. ఆ పేరు పెట్టింది చెల్లెలి మొగుడు, పడవ సరంగు. పందొమ్మిదేళ్ళ కిందట, కొత్తగా కొన్న పడవ మీద మొదటిసారి జనాన్ని సముద్రపు పక్షులు చూపిస్తామని తీసుకెళ్ళినప్పుడు, మిగతావాళ్ళు కళ్ళు చికిలించి నీళ్ళూ ఆకాశమూ తప్ప ఇంకేమీ లేవంటున్న చోట ఇతను వేలు చాపి, "అదిగో, మూడు పోతున్నాయి. ముందున్నది పెద్దది, వెనక రెండూ ఈ ఏటి పిల్లలు" అన్నాడు. పది నిమిషాలకు గానీ ఆ మూడూ మిగతావాళ్ళ కళ్ళకు ఆనలేదు. "నీవి కళ్ళు కావు బావా, డేగవి పీక్కొచ్చి పెట్టుకున్నావు" అన్నాడు సరంగు. ఆనాటి నుంచి అసలు పేరు గుర్తింపు కార్డు మీదే మిగిలింది.

పడవ సరంగుది, నడిపేదీ అతనే. డేగ చెల్లెలు పడవ వెనక నిలబడి, చేపనూనెలో చేపల పేగులు కలిపిన ముద్దను బకెట్లోంచి కొంచెం కొంచెంగా నీళ్ళలోకి వదిలేది. ఆ వాసనకు మైళ్ళ అవతలి పక్షులు గాలికి ఎదురెక్కి వచ్చేవి. డేగ పని చూడటం. సరంగు గది కప్పు మీద ఒక బల్ల, చుట్టూ ఇనుప కమ్మీ ఉండేవి. అక్కడ కూర్చుని, పడవ ముక్కును పన్నెండు గంటలుగా, తోకను ఆరు గంటలుగా లెక్కపెట్టి, "పది గంటల దిక్కు, నీళ్ళకు ఆనుకుని పోతోంది, రెక్క ఆడించట్లేదు చూడండి" అని మైకులో చెప్పేవాడు. కింద జనం తలలన్నీ ఒక్కసారి అటు తిరిగేవి. ఆ తలలు తిరగడం చూస్తే అతనికి కడుపు నిండినట్టుండేది.

కిందటి చలికాలంలో కళ్ళద్దాలు మార్పించుకుందామని కంటి ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరమ్మ అతని గడ్డాన్ని ఒక యంత్రం మీద ఆనించి, చేతికి మీట ఇచ్చి, తెల్ల గిన్నెలాంటి దాంట్లోకి చూడమంది. చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కాలి. నాలుగైదు వెలిగాయి, నొక్కాడు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వెలగలేదు. యంత్రం పాడైందేమో అనుకుని, "ఇంకా మొదలుపెట్టలేదా అండీ?" అని అడిగాడు.

"అయిపోయిందండీ," అంది డాక్టరమ్మ.

నీటికాసులు అని చెప్పింది. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. నొప్పి ఉండదు. నడిమి చూపు చివరిదాకా బాగానే ఉంటుంది కాబట్టి మనిషికి చాలాకాలం తెలియదు. పోయినది తిరిగి రాదు, చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలవచ్చు. ఏం పని చేస్తారని అడిగితే, "పడవ మీద" అన్నాడు గానీ ఏ పనో చెప్పలేదు.

బైనాక్యులర్లు పెట్టుకుంటే ఎవరి చూపైనా గొట్టంలోంచే కదా. అక్కడ అతనికీ పదిమందికీ తేడా లేదు. పక్షి గొట్టంలోకి వచ్చిందంటే దాని ముక్కు రంగు దగ్గర్నుంచి చెప్పగలిగేవాడు. రాకపోతేనే చిక్కు. పైగా సముద్రం నిండా పక్షులుంటాయి, ఒకటి తప్పిపోతే ఇంకొకటి. ఆ ధైర్యంతో నెలలు నెట్టుకొచ్చాడు.

పెళ్ళాం దగ్గర దాచినా చెల్లెలి దగ్గర దాగలేదు. ఒకరోజు పడవ మీద టీ గ్లాసుతో ఎడమపక్క నిలబడ్డ ఆమెను గోడను గుద్దుకున్నట్టు గుద్దుకున్నాడు. వారం తిరక్కుండానే, ఎడమవైపు తిమింగలం ఆవిరి చిమ్మి జనమంతా గోల చేస్తుంటే, ఇతను కుడివైపు చూస్తూ మైకు పట్టుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఆమె పడవ కడుగుతూ, బ్రష్షు ఆపకుండానే, "నీకు పక్కన కనబడట్లేదు కదూ?" అంది.

అతను అంతా చెప్పేశాడు.

"ఆయనకి చెప్పాలిగా అన్నయ్యా."

"ఈ సీజను గడవనీ. నేనే చెప్తా బావకి."

"సీజనంటే ఆరు నెలలు."

"ఆరు నెలల్లో ఏం మునిగిపోతుంది? నన్ను ఇప్పుడే దింపేస్తే ఏం చెయ్యను చెప్పు, ఒడ్డున కూర్చుని వలలు కుట్టనా? దానికీ కళ్ళు కావాలి."

ఆమె నవ్వలేదు గానీ ఒప్పుకుంది. అప్పట్నుంచి పక్షుల్ని వెతికే వేళ ఆమె కూడా పైకి వచ్చి అతని పక్కన కూర్చునేది. చొక్కా అంచు ఒకసారి లాగితే ఎడమ, రెండుసార్లు లాగితే కుడి. "మొగుడి దగ్గర అన్నని దాచడం మంచం కింద ఏనుగుని దాచినట్టుంది నాకు" అనేది. సరంగుకు ఇదేమీ తెలియదు. "పెళ్ళయి ఇరవయ్యేళ్ళు దాటినా మా ఆవిడకి పుట్టింటి మీద బెంగ తీరలేదండీ, చూడండి ఎలా అతుక్కుని కూర్చుందో" అని జనంతో హాస్యమాడేవాడు.

ఆ రోజు పన్నెండుమంది వచ్చారు. అందులో ఉద్యోగం నుంచి రిటైరైన లెక్కల టీచరమ్మ ఒకావిడ. డెబ్బై దాటాయి. మెడలో పాత బైనాక్యులర్లు, చేతిలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన చిన్న పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. ఏ పక్షి కనబడినా గడియారం చూసి టైముతో సహా రాసుకునేది.

"తుఫాను పిట్ట ఒక్కటే మిగిలిపోయింది బాబూ నాకు," అంది పడవ ఎక్కుతూనే డేగతో. "మీ పడవలోనే మూడుసార్లొచ్చా. మూడుసార్లూ అప్పులవాడిని చూసినట్టు తప్పించుకు తిరిగింది."

"ఇవాళ చూపించే దింపుతానండీ," అన్నాడు డేగ.

ఇంకొకతను మోచేయంత లెన్సున్న కెమెరా తెచ్చాడు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి రేవు దాటక ముందే వాంతుల సంచులు పట్టుకుని కూర్చుంది. అందరికీ చెల్లెలే లైఫ్ జాకెట్లు తొడిగి, పట్టీలు లాగి చూసింది. తనది మాత్రం ఇంజను గది తలుపు పక్కన మేకుకు వేలాడుతూనే ఉంది. అది వేసుకుంటే బకెట్టుతో వంగడానికి రాదని ఆమె ఎప్పుడూ అనేమాట. సరంగు రోజూ తిట్టేవాడు. ఆమె రోజూ "ఆఁ, వేసుకుంటా" అనేది.

సముద్రంలో తుఫానేమీ లేదు. గాలి చల్లగా, ఒక మోస్తరుగా వీస్తోంది. పొడుగాటి అలలు నిద్రపోతున్నవాడి పొట్టలా లేచి దిగుతున్నాయి. ఒడ్డు కనుమరుగైన గంటకు నీళ్ళమీద ఒక తాబేలు కనబడింది. చెల్లెలు చొక్కా ఒకసారి లాగింది. డేగ ఎడమకు తిరిగి వెతుకుతుండగానే కెమెరా మనిషి, "చచ్చిపోయిందండీ అది" అన్నాడు. మెడకు ఎవరో వదిలేసిన వల ముక్క చుట్టుకుని ఉంది. కళ్ళు అప్పటికే లేవు. సరంగు పడవ ఆపి, కొక్కెం కర్రతో లాగి, ఇంకో జీవికి చుట్టుకోకుండా ఆ వల కోసి పడవలో వేసుకున్నాడు. తాబేలు మెల్లగా తిరగబడి వెనక్కి పోయింది. కొత్త పెళ్ళికూతురు దాన్ని చూసి ఏడ్చింది.

పదిన్నర దాటాక చెల్లెలు కిందికి దిగి బకెట్టు అందుకుంది. మొదట తెల్లటి గల్ పక్షులు వచ్చాయి, అరుచుకుంటూ, ఒకదాని నోట్లోది ఇంకోటి లాక్కుంటూ. ఆ వెనక, నల్లగా, పిచ్చుక కంటే కాస్త పెద్దవి, నీళ్ళమీద కాళ్ళు ఆనించి నడుస్తున్నట్టుగా ఎగిరేవి నాలుగు వచ్చాయి. డేగ వాటిని తన కళ్ళతోనే పట్టాడు. ఎవరూ చొక్కా లాగలేదు.

"ఏడు గంటల దిక్కు. టీచరుగారూ, మీ తుఫాను పిట్ట. నాలుగున్నాయి, ఏది కావాలో తీసుకోండి."

జనమంతా ఎడమ కమ్మీ దగ్గరికి దూకారు. టీచరమ్మ బైనాక్యులర్లు పట్టుకుని నాలుగింటినీ ఒక్కొక్కటిగా చూసుకుంది. తర్వాత పుస్తకం తీసి, పదకొండూ ఏడు అని రాసుకుంది. ఆ గీత ఇంకా ముగియలేదు. పక్కవాటంగా వచ్చిన అల ఒకటి పడవ తోకను పైకెత్తి వదిలేసింది. బకెట్టు చివరి దాకా ఖాళీ చేద్దామని వంగి ఉన్న చెల్లెలు, బకెట్టుతో సహా, అరుపైనా లేకుండా నీళ్ళలోకి పోయింది.

"మనిషి పడిపోయింది," అని కేకేశాడు కెమెరా మనిషి.

అలాంటప్పుడు ఎవరేం చెయ్యాలో పడవ మీద ముందే రాసి పెట్టి ఉంటుంది. ఒకరు నీళ్ళలో తేలే రక్షణ చక్రం విసరాలి. సరంగు పడవ తిప్పాలి. పైనున్నవాడు మనిషి మీద నుంచి చూపు తిప్పకుండా చెయ్యి చాపి ఉంచాలి. సరంగు కిందనుంచి మనిషిని చూడలేడు, చేతిని చూస్తాడు. ఆ చెయ్యి ఎటు ఉంటే పడవ అటు పోతుంది. పందొమ్మిదేళ్ళలో ఏటా రెండుసార్లు ఖాళీ డబ్బాను నీళ్ళలోకి విసిరి దీన్ని అభ్యాసం చేశారు. ప్రతిసారీ చెయ్యి చాపింది డేగే.

మొదట ఆమె కనబడింది. పసుపు రంగు రెయిన్ కోటు, తల, పైకెత్తిన ఒక చెయ్యి. "చూశాను, నా కళ్ళల్లో ఉంది," అని అరిచి చెయ్యి చాపాడు. కెమెరా మనిషి విసిరిన చక్రం ఆమెకు చాలా ఇవతల పడింది. సరంగు పడవ తిప్పసాగాడు. పడవ తిరుగుతుంటే డేగ ఒళ్ళంతా ఎదురు తిరగాలి. అతను తిరుగుతుండగా ఒక అల మధ్యలో లేచింది. అది దిగేసరికి అతని చూపున్న ఆ చిన్న కిటికీలో నీళ్ళే ఉన్నాయి.

మామూలు కళ్ళకైతే ఆ పసుపు ఎక్కడో అంచున తగిలేది. అతనికి అంచు లేదు. కిటికీని కొంచెం ఎడమకు జరిపాడు, కొంచెం కుడికి జరిపాడు. ఎక్కడ మొదలుపెట్టాడో, ఎంత జరిపాడో తెలియలేదు. చెయ్యి మాత్రం చాపినట్టే ఉంది.

సరంగు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఉందా బావా?"

"ఉంది," అన్నాడు డేగ.

ఆ మాట అలవాటుగా వచ్చేసింది. ఇన్ని నెలలుగా ఎన్ని పక్షుల్ని చూడకుండానే చూశానన్నాడో, ఇదీ అలాగే వచ్చింది. తర్వాతి అలకు కనబడుతుందనుకున్నాడు. ఆ తర్వాతి అలకు ఖాయంగా కనబడుతుందనుకున్నాడు. చెయ్యి దించితే బావ పడవ ఆపేస్తాడు, ఆపితే ఎందుకని అడుగుతాడు. కింద పన్నెండుమందీ అతని చెయ్యి చూపిన వైపే కళ్ళలో వత్తులేసుకుని చూస్తున్నారు. ఆ చెయ్యే లేకపోతే పన్నెండు జతల కళ్ళు పన్నెండు వైపులా వెతికేవి. ఆ సంగతి అతనికి ఆ తర్వాత చాలా రోజులకు తట్టింది. తట్టిన దగ్గర్నుంచి వదల్లేదు.

పడవ చెయ్యి చూపిన చోటికి వచ్చింది. అక్కడేమీ లేదు.

"ఏదీ?"

"ఇంకొంచెం ముందుకి."

ముందుకు పోయారు. ఏమీ లేదు.

"బావా, ఏదీ?"

"కుడికి, కొంచెం కుడికి తిప్పు."

ఈలోగా లెక్కల టీచరమ్మ ఆ వయసులో నిచ్చెన పట్టుకుని పైకెక్కింది. ఇంకో జత కళ్ళు పనికొస్తాయని ఎక్కింది. అతని పక్కన నిలబడి, చెయ్యి చూపిన వైపు చూసింది, తర్వాత అతని ముఖంలోకి చూసింది. ముప్పయ్యేళ్ళు పిల్లల ముఖాలు చూసిన మనిషి, లెక్క రానివాడు పలక మీద ఊరికే గీతలు గీస్తుంటే పోల్చుకోగలదు.

"మీకు కనబడట్లేదు కదా బాబూ?" అంది మెల్లగా.

డేగ చెయ్యి దిగిపోయింది.

నిచ్చెన మెట్లు రెండు దిగి, సరంగు కిటికీ దగ్గర తల పెట్టి చెప్పాడు. "బావా, నాకు కనబడట్లేదు. మొదటి అల దగ్గరే తప్పిపోయింది. నాకు పక్క చూపు లేదు బావా. చలికాలం నుంచీ లేదు."

సరంగు అతని వంక చూశాడు. ఆ చూపు అరక్షణమే. తిట్టలేదు, తిట్టడానికి టైము లేదు. ఇంజను నెమ్మది చేసి, మైకు తీసుకుని, "అందరూ తలా ఒక పక్కకి పోండి. ఎవరి ముందున్నది వాళ్ళే చూడండి. ఎవరూ ఎవరి మాటా వినొద్దు" అన్నాడు. తర్వాత రేడియోలో రేవును పిలిచాడు. తమ జాడ చెబుతున్నప్పుడు అతని గొంతు బాగానే ఉంది గానీ, పడిపోయింది ఎవరని అవతలివాళ్ళు అడిగినప్పుడు రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయాడు.

డేగ డెక్కు మీద చతికిలబడ్డాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు పనిచెయ్యడం మొదలుపెట్టింది అతని బుర్ర. బకెట్టు ఆమెతోనే పడింది. ఒంటిమీదంతా చేపనూనె. గాలి ఇటునుంచి అటు వీస్తోంది. గాలీ ప్రవాహమూ ఆమెను ఎటు తోస్తాయి, ఆ వాసన ఎటు పోతుంది?

"మనిషిని వెతక్కండి," అని లేచి అరిచాడు. "పక్షుల్ని వెతకండి. గల్ పక్షులు ఒకచోట చేరి తిరుగుతుంటాయి. నీళ్ళకు బాగా దగ్గరగా. గాలి పోయే వైపు చూడండి."

ఎవరూ ఎవరి మాటా వినొద్దని సరంగు చెప్పిన మీదట, కొందరు సందేహంగా చూశారు. కెమెరా మనిషి మాత్రం లెన్సు అటు తిప్పాడు. కాసేపటికి, "అక్కడ చాలా ఉన్నాయి. తెల్లగా ముసురుకుంటున్నాయి" అన్నాడు. డేగ ఆ వైపు చూశాడు. అతనికి నీళ్ళే కనబడ్డాయి.

వాళ్ళు ఆమెను చేరేసరికి పదకొండూ ముప్పై రెండు. వెల్లకిలా తేలుతోంది. కోటులో చిక్కుకున్న గాలి కొంతా, బోర్లాపడిన బకెట్టు కొంతా ఆమెను నిలిపాయి. బకెట్టు పిడి మణికట్టుకు చిక్కుకుని ఉంది. పక్షులు నూనె కోసం ఆమె జుట్టూ నుదురూ పొడిచాయి. పడవ మీదికి వచ్చేదాకా అవి పోలేదు. సరంగు కొక్కెం కర్రతో వాటిని కొట్టి తోలాడు. పందొమ్మిదేళ్ళలో అతను పక్షి మీద చెయ్యెత్తడం అదే మొదలు.

ఊపిరి లేదు. సరంగు ఆమె రొమ్ముమీద చేతులు పెట్టి నొక్కుతూనే ఉన్నాడు, లెక్కపెడుతూ, లెక్క తప్పుతూ. టీచరమ్మ పక్కన మోకాళ్ళమీద కూర్చుని అతనికోసం లెక్క అందుకుంది. డేగ చెల్లెలి పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దాడు. చచ్చిన చేపను పట్టుకున్నట్టుంది. చాలాసేపటికి ఆమె నోట్లోంచి నీళ్ళు వచ్చాయి, దాని వెనకే గుటకలా ఒక ఊపిరి. రేవు నుంచి వచ్చిన రక్షణ పడవ సగం దారిలో ఎదురై ఆమెను తీసుకుపోయింది. సరంగు కూడా అందులో ఎక్కాడు. ఎక్కుతూ పడవను ఎవరు ఒడ్డుకు తేవాలో చెప్పలేదు. రక్షణ పడవ మనిషొకడు వచ్చి చుక్కాని పట్టుకున్నాడు.

ఆసుపత్రిలో ఐసీయూలోనే పదిహేను రోజులుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, జ్వరం పట్టుకుని, రెండుసార్లు ఆశ వదులుకోమన్నారు. మూడోవారంలో గదిలోకి మార్చారు. డేగ వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. తెల్ల తెర వెనక దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. నుదుటి మీద కుట్లు. గొంతు బొంగురు పోయింది, ఎవరో చెక్కమీద ఆకురాయితో గీస్తున్నట్టు.

"నీ చెయ్యి కనబడింది అన్నయ్యా," అంది.

అతను స్టూలు జరుపుకోబోయినవాడు ఆగిపోయాడు.

"అల మీదికి లేచినప్పుడల్లా పడవ కనబడేది. పైన నువ్వు. చెయ్యి చాపి ఉన్నావు. నేను ఇటున్నా, నువ్వు అటు చూపిస్తున్నావు. అరిచాను. పడవ నువ్వు చూపించిన వైపే పోయింది." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆయనకి ఇది చెప్పలేదు నేను."

"చెప్పాల్సింది."

"ఏమని చెప్పను? దాచింది నేను కూడా కదా." తర్వాత అంది, "కనబడట్లేదని ఎందుకనలేదు?"

"వచ్చే అలకి కనబడతావనుకున్నా."

ఆమె నిద్రొస్తోందని కళ్ళు మూసుకుంది. నిద్ర రాలేదని అతనికి తెలుసు. చిన్నప్పట్నుంచీ నిద్రపోతే నోరు తెరుచుకుంటుంది ఆమెకు.

రేవు ఆఫీసులో విచారణ పెట్టారు. ముందురోజు సాయంత్రం సరంగు డేగ ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. డేగ పెళ్ళాం కుర్చీ వేసినా కూర్చోలేదు.

"రేపు అడుగుతారు," అన్నాడు. "అలల్లో తప్పిపోయిందని చెప్పు. అది అబద్ధం కూడా కాదు. నీ కళ్ళ సంగతి రాకూడదు. చూపులేనివాడిని కాపలా పెట్టానంటే పడవ పర్మిషన్ పోతుంది. నీమీద జాలితో కాదు ఇది. పడవ కోసం."

మాట్లాడినంతసేపూ ఒక్కసారి కూడా బావా అనలేదు.

విచారణలో టీచరమ్మ పుస్తకం బల్లమీద ఉంది. పక్షి టైము, మనిషి పడిన టైము, చెయ్యి దిగిన టైము, మనిషి దొరికిన టైము అన్నీ పెన్సిలుతో ఉన్నాయి. ఆవిడ అడిగినవాటికే జవాబు చెప్పింది. ఒక్కమాట ఎక్కువ చెప్పలేదు, తక్కువా చెప్పలేదు. తర్వాత డేగను పిలిచారు.

"ఆమెను ఎంతసేపు మీ చూపులో ఉంచగలిగారు?" అని అడిగాడు ఆఫీసరు.

బావ చెప్పమన్న మాట నాలిక చివర సిద్ధంగా ఉంది. అది కూడా 'ఉంది' అన్నంత తేలిగ్గా వచ్చేసేది. ఈసారి దాన్ని రానివ్వలేదు.

"ఒక అల లేచేంతసేపు," అన్నాడు. "తర్వాత కనబడలేదు. కనబడుతోందని ఆరు నిమిషాలు చెయ్యి చాపాను. నాకు నీటికాసులు. మా బావకి చెప్పలేదు. ఆయనకేమీ తెలియదు."

చెల్లెలి మాట ఎత్తలేదు. ఆఫీసరు రాసుకున్నాడు. గోడ పక్కన కూర్చున్న సరంగు నేలమీద నుంచి చూపెత్తలేదు.

ఆయనకు తెలియదన్న మాట కొంత పనిచేసింది. పర్మిషన్ పూర్తిగా పోలేదు, ఏడాదిపాటు ఆపేశారు. పడవను గట్టుమీదికి లాగి టార్పాలిన్ పట్టా కప్పారు. డేగ జన్మలో ఇంక ఏ పడవ మీదా కాపలా పని చెయ్యకూడదని రాశారు. ఆ కాగితం రాకముందే అతను బైనాక్యులర్లు టీచరమ్మ ఇంటికి పంపించేశాడు. ఆవిడ ఉంచుకుంది. బదులేమీ రాయలేదు.

నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున చెల్లెలు ఇంటికి వచ్చింది. చిక్కిపోయింది. గొంతు అలాగే ఉంది, ఇక అలాగే ఉంటుందన్నారట. వదిన టీ పెట్టడానికి లోపలికి పోయింది.

"ఆయనకి ఇంకో రేవులో ఇసుక తవ్వే ఓడ మీద పని దొరికింది," అంది. "అక్కడికే వెళ్ళిపోతున్నాం. పడవ బేరం పెట్టారు."

"నన్ను తిడుతున్నాడా?"

"తిడితే బాగుండును. నీ ఊసే ఎత్తడు. ఎవరైనా ఎత్తితే లేచిపోతాడు."

"నువ్వో?"

ఆమె వేళ్ళమధ్య సంచి పట్టీ చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. "తలమీద నీళ్ళు పోసుకోలేకపోతున్నా. తడిగుడ్డతో తుడుచుకుంటున్నా. మిగతాదంతా బాగానే ఉంది." పట్టీ వదిలేసి, "ఒకటి అడుగుదామని వచ్చా. కోపంతో కాదు. ఆ ఆరు నిమిషాలూ నేను కనబడకపోతే, మరి నీకేం కనబడింది?"

అతను ఆలోచించాడు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాలనుకున్నాడు.

"నీళ్ళే," అన్నాడు. "ఒట్టి నీళ్ళు."

ఆమె తలూపింది. తనకూ అంతే అన్నట్టుందో ఆ తలూపడం, లేక తాననుకున్నదే అన్నట్టుందో తెలియలేదు. వదిన టీ తెచ్చింది. ముగ్గురూ తాగారు. ఇల్లు ఖాళీ చెయ్యడం గురించీ, కొత్త రేవులో అద్దెకు దొరికిన రెండు గదుల గురించీ, వాటిలో ఒకదానికి కిటికీ లేకపోవడం గురించీ ఆడవాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. బస్సు టైమైందని చెల్లెలు లేచింది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "చుక్కల మందు మానకు" అని వెళ్ళిపోయింది.